మూడువేల మెట్ల కింద జలపాతం

పిల్లలూ, "ప్రపంచంలో అన్నిటికన్న ఎక్కువ వాన ఎక్కడ కురుస్తుంది?" అని మీ మాస్టారు ఎప్పుడైనా అడిగారా? అడిగే ఉంటారు. నేనూ అడిగాను. ఒకసారీ రెండుసార్లూ కాదు, ముప్ఫై యేళ్ళపాటు అడిగాను. అనంతపురం జిల్లాలో ఒక పల్లెటూరి హైస్కూల్లో నేను భూగోళం చెప్పేవాణ్ణి. ఏటేటా గోడకు పటం తగిలించి, బెత్తం కొన ఈశాన్యమూలకు చాచి, "ఇదిగో, చిరపుంజి!" అనేవాణ్ణి.

1985లో ఒకనాడు అలాగే అన్నాను. బయట చాలా రోజులుగా చినుకు లేదు. కిటికీలోంచి చూస్తే వేరుశనగ చేలు వాడిపోయి కనిపిస్తున్నాయి. వెనక బెంచీమీది కుర్రవాడొకడు లేచి, "సార్, మీరు చూసినారా?" అన్నాడు.

"లేదు" అన్నాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఆ ప్రశ్న మాత్రం ముల్లులా లోపల ఉండిపోయింది. అది బయటికి రావడానికి 38 యేళ్ళు పట్టింది. 2023 నవంబరులో, నాకు 67వ యేడు నడుస్తుండగా, నేను చిరపుంజి చూశాను. చిరపుంజి ఒక్కటే కాదు, దాని కింది లోయలో ఉన్న అడవినీ, ఆ అడవిలో దాక్కున్న ఒక జలపాతాన్నీ కూడా చూశాను. ఎలా చూశానో చెబుతాను వినండి.

ముందు ఆ వాన సంగతి. అనంతపురంలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. చిరపుంజిలో 11,000 మిల్లీమీటర్లకు పైనే. అంటే మాకు ఇరవై యేళ్ళలో పడే వాన వాళ్ళకు ఒక్క ఏడాదిలో పడుతుందన్నమాట. 1995 జూన్ 15, 16 తేదీల్లో, రెండే రెండు రోజుల్లో, అక్కడ 2,493 మిల్లీమీటర్లు కురిసింది. రెండు రోజుల వానలో ప్రపంచ రికార్డు అదే. మా ఊరికి ఆ వాన వస్తే నాలుగేళ్ళ పంటకు సరిపోను!

అంత వాన ఎందుకు? నీటి ఆవిరితో బరువెక్కిన గాలి బంగాళాఖాతం మీదనుంచి ఉత్తరంగా బయలుదేరుతుంది. దారిలో బంగ్లాదేశ్ మైదానం బల్లపరుపుగా ఉంటుంది, అడ్డమనేది లేదు. అలా వచ్చి వచ్చి ఒక్కసారిగా ఖాసీ కొండల గోడకు తగులుతుంది. వెనక్కి పోలేదు, పక్కకు పోలేదు, పైకే ఎక్కాలి. పైకెక్కిన గాలి చల్లబడుతుంది. చల్లబడ్డ గాలి అంత ఆవిరిని మోయలేదు, దించేస్తుంది. తలమీది మూట బరువైతే మనం దించమూ? అలాగే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చిరపుంజికి పడమరగా మాసిన్‌రామ్ అని ఇంకొక ఊరుంది. సగటు లెక్క తీస్తే దానిదే కొంచెం పైచెయ్యి. నేను మాత్రం పాత అలవాటు కొద్దీ చిరపుంజి పేరే చెబుతూ వచ్చాను. అక్కడివాళ్ళు తమ ఊరిని సోహ్రా అంటారు.

మా అమ్మాయికి గువాహటిలో ఉద్యోగం. మనవరాలు ఏడో తరగతి. సెలవులకు రమ్మని పిలిచినప్పుడు, "వస్తాను, కాని నన్ను సోహ్రా కింది లోయలో నోంగ్రియాట్‌కు తీసుకెళ్ళాలి" అని షరతు పెట్టాను. "నాయనా, అక్కడికి మూడువేల అయిదువందల మెట్లట! మీ మోకాళ్ళు?" అంది అమ్మాయి. మోకాళ్ళ డాక్టరుగారిని అడిగాను. ఆయన నా మోకాళ్ళు వంచి చూసి, "మూడు నెలలు సాధన చెయ్యండి. చేతికర్ర వదలకండి. నొప్పి పొడిచినట్టు వస్తే ఆగిపోండి" అన్నారు.

సాధన మొదలుపెట్టాను. మేముండే మేడకు అయిదంతస్తులు. రోజూ పొద్దున్న పదిసార్లు పైకెక్కేవాణ్ణి. ఎక్కి, లిఫ్టులో కిందికి దిగేవాణ్ణి! ఎక్కడం కష్టం, దిగడం ఏముంది అనుకున్నాను. ఈ తెలివితక్కువ పని గుర్తుపెట్టుకోండి, దీని ఫలితం త్వరలోనే వస్తుంది.

గువాహటి నుంచి షిల్లాంగు సుమారు వంద కిలోమీటర్లు, అక్కడినుంచి సోహ్రా యాభై పైచిలుకు. పీఠభూమి మీద వెళుతుంటే నాకు ఆశ్చర్యం వేసింది. అంత వాన పడే చోట చెట్లు చిక్కగా ఉండాలి కదా? ఎక్కడ చూసినా పసుపురంగుకు తిరిగిన గడ్డి, నల్లని బండలు. వాన మట్టిని కడిగి లోయల్లోకి తోసేసింది. బండమీద నీరు నిలవదు కనుక చలికాలంలో అక్కడి ఆడవాళ్ళు తాగే నీళ్ళకోసం దూరం నడవవలసి వస్తుంది. నీళ్ళ బిందె సంగతి తెలిసిన జిల్లావాణ్ణి, నాకది చూస్తే ఏదోలా అయింది. అడవి అంతా కింద ఉంది, లోయల గోడలను పట్టుకుని.

సోహ్రా దాటి తిర్నా అనే ఊళ్ళో కారు ఆగిపోతుంది. అక్కడినుంచి మెట్లే.

మీలో కొందరు అలిపిరి నుంచి తిరుమల కొండకు నడిచి ఉంటారు. అవి 3,550 మెట్లు. ఇవీ ఇంచుమించు అన్నే అంటారు. కాని తేడా చూడండి. తిరుమలలో ముందు ఎక్కుతాం, దర్శనం చేసుకుని బస్సులో దిగి వస్తాం. ఇక్కడ ముందు దిగాలి, తరువాత ఎక్కాలి. బస్సు లేదు. మెట్లు ఇరుకు, నాచు పట్టినవి. కొన్ని చోట్ల అడుగు పూర్తిగా ఆనదు, పాదం అడ్డంగా తిప్పి పెట్టాలి.

మనవరాలు లెక్క మొదలుపెట్టింది. మూడు వందలదాకా నేను హుషారుగా కబుర్లు చెప్పాను. అయిదువందల దగ్గర మాట తగ్గింది. ఎనిమిది వందల దగ్గర నా కాళ్ళు చిత్రంగా వణకడం మొదలెట్టాయి. నిలబడితే మోకాళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి, కుట్టుమిషను సూదిలాగా.

అప్పుడు తెలిసింది నాకు లిఫ్టు చేసిన ద్రోహం. మెట్టు ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ ఒంటిని పైకి లాగుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, ఒళ్ళు దబ్బున పడిపోకుండా బ్రేకులా పట్టి ఉంచాలి. సాగుతూ బరువు మోసినప్పుడు కండరంలోని సన్నని పోగులు కాస్త చిట్లుతాయి. ఆయాసం రాదు గనుక మనకు కష్టం తెలియదు, నొప్పి మాత్రం మర్నాడూ ఆ మర్నాడూ వచ్చి పలకరిస్తుంది. వయసు మీరినవాళ్ళకు ఆ కండరమే తక్కువ. నేను మూడు నెలలు ఎక్కే కాళ్ళను తయారుచేశాను గాని, దిగే కాళ్ళను కాదు.

కర్ర ముందు పెట్టడం, పక్కవాటుగా ఒక కాలు, తరువాత రెండోది. అలా దిగుతుంటే వెనకనుంచి ఒక ఖాసీ పెద్దావిడ వచ్చింది. నా ఈడు ఉంటుంది. వీపున శంకువు ఆకారపు వెదురుబుట్ట, దాని పట్టీ నుదుటికి. బుట్టలో బియ్యం మూట. నన్ను చూసి పళ్ళన్నీ ఎర్రగా కనపడేలా నవ్వి, మేకపిల్లలా దిగిపోయింది. అక్కడ పెద్దవయసు ఆడవాళ్ళను 'కోంగ్' అని పిలుస్తారు, మన 'అక్కా' లాగా.

దారి పొడుగునా పోకచెట్లు, వాటిమీదికి పాకిన మిరియాల తీగలు, పనసచెట్లు, మన పలావులో వేసే బిర్యానీ ఆకు చెట్లు. ఇదంతా అడవే, అంతా తోటే. ఏది ఎవరో నాటిందో, ఏది తనంత తానే మొలిచిందో చెప్పలేం. చెట్టుకూ చెట్టుకూ మధ్య అరచెయ్యంత సాలెపురుగులు పసుపు దారంతో గూళ్ళు కట్టుకుని కూచున్నాయి. మనవరాలు "వెయ్యీ ఎనిమిది వందల..." అంటూ అరిచి, ఒక సాలెగూటికి ముఖం తగలకుండా వంగి, కాలు జారి కూలబడింది. దెబ్బ తగల్లేదు. లెక్క మాత్రం తప్పింది.

ఇంతలో ఇంకొక తప్పు బయటపడింది. ఇదీ నాదే. మేము తిర్నా నుంచి బయలుదేరేటప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. "పరవాలేదు, ఆరింటిదాకా వెలుగుంటుంది" అన్నాను. అనంతపురంలో ఉంటుంది! మన గడియారాలన్నీ కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తాయి. సోహ్రా దానికి తూర్పున, అనంతపురం పడమట. రెంటికీ మధ్య 14 డిగ్రీల తేడా. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఎంతయిందో మీరే కట్టండి. నవంబరు చివర అక్కడ నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. లోయలో ఇంకా ముందే చీకటి పడుతుంది. ముప్ఫై యేళ్ళు రేఖాంశాలు బోధించినవాడికి ఇది తోచలేదంటే ఏమనాలి?

నదిమీద ఇనుపతీగల వంతెన చేరేసరికి మసక కమ్మింది. మనిషి వెడల్పే ఉన్న ఉయ్యాల అది. కింద మూడంతస్తుల మేడలంత బండలు, వాటి మధ్య నీలిరంగు నీరు. ఒక్కొక్కరుగా దాటాలి. నేను కర్రను అమ్మాయికిచ్చి, రెండు చేతులా తీగలు పట్టుకుని, ఎదుటి ఒడ్డుమీద ఒక చెట్టుమీదనే చూపు నిలిపి నడిచాను. వంతెన నడుమకు వచ్చేసరికి అది ఊగుతున్నదో, నా కాళ్ళే వణుకుతున్నాయో తెలియలేదు. అలాంటి వంతెనలు రెండున్నాయి. రెండోది టార్చిలైటు వెలుగులో దాటాం. అమ్మాయి నన్ను ఒక్కమాట అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ అనిపించింది.

నోంగ్రియాట్‌లో మేము బస చేసిన ఇంటావిడ వేడివేడి అన్నం, పప్పు పెట్టింది. తరువాత తమలపాకులో సున్నం రాసి, పచ్చి పోకచెక్క పెట్టి ఇచ్చింది. దాన్ని వాళ్ళు 'క్వాయ్' అంటారు. ఇంటికి వచ్చినవారికి క్వాయ్ ఇవ్వడం వారి మర్యాద. పూర్వం ఖాసీలు దూరాన్ని కూడా దానితోనే కొలిచేవారట. ఫలానా ఊరు ఎంత దూరమంటే, ఇన్ని క్వాయ్‌లు నమిలేంత దూరం! నేను నమిలాను. ఒళ్ళంతా వెచ్చబడి తల తిరిగింది. మీరు మాత్రం ఆశపడకండి, పోకచెక్క నమలడం ఆరోగ్యానికి చెడుపని ఇప్పుడు డాక్టర్లు గట్టిగా చెబుతున్నారు.

పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా ఆ వంతెన కనబడింది. ఒకటి కాదు, ఒకదానిమీద ఒకటిగా రెండు. ప్రాణమున్న వంతెనలు!

మీ ఇళ్ళలో కుండీల్లో 'రబ్బరు మొక్క' అని వెడల్పాటి నిగనిగలాడే ఆకుల మొక్కను పెంచుతారే, దాని అసలు రూపం అక్కడ చూడాలి. బండిచక్రాలకు రబ్బరు ఇచ్చే చెట్టు వేరు. ఇది మన మర్రికి దగ్గర చుట్టం. మర్రిలాగే ఊడలు దింపుతుంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూసినవాళ్ళకు ఊడల సంగతి నేను చెప్పక్కర్లేదు. అక్కడ ఊడలు నేలకు దిగి స్తంభాలయ్యాయి. ఇక్కడ మనిషి వాటికి వేరే పని నేర్పాడు. వాగుకు అడ్డంగా వెదుళ్ళు గాని, చీల్చి తొలిచిన పోకమానులు గాని వేస్తారు. లేత ఊడలను వాటి వెంబడి అవతలి ఒడ్డుదాకా నడిపిస్తారు. అక్కడ అవి నేలలో పాతుకుంటాయి. ఏటేటా లావవుతాయి. ఒకదానికొకటి ఒరుసుకున్న చోట బెరళ్ళు కలిసిపోయి ఒకటే వేరు అవుతాయి. సందుల్లో రాళ్ళూ మట్టీ నింపి బాట చేస్తారు. ఇలా పదిహేను, ఇరవై, ముప్ఫై యేళ్ళు. అప్పుడుగాని మనిషి నడవలేడు. ఆ తరువాత వందల యేళ్ళు ఉంటుంది. ఆ వానకు వెదురు కుళ్ళుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, వేరు మాత్రం బలుస్తుంది. వరదలో కింది వంతెన మునిగిపోతూ ఉంటే, ఊరివాళ్ళు అదే చెట్టు వేళ్ళతో పైన రెండోది పెంచారట. ఈ వంతెనల పేరు ఖాసీ భాషలో 'జింగ్‌కియెంగ్ జ్రి'.

మేము చూస్తుండగానే ఇంటావిడ వచ్చి, పక్కన వేలాడుతున్న పెన్సిలంత సన్నని ఊడనొకదాన్ని ముదురువేరు చుట్టూ మెల్లగా తిప్పి, నారతో కట్టింది. "ఇది ఎప్పటికి గట్టిపడుతుంది?" అని మనవరాలు హిందీలో అడిగింది. ఆవిడ కాసేపు ఆలోచించి, మా అమ్మాయి వైపు చూపించి, "నువ్వు ఇంతయ్యేసరికి" అంది. మనవరాలు వెంటనే లెక్క కట్టి, "అప్పటికి నీకు తొంభై దాటుతాయి తాతా!" అంది. ఇలాంటి లెక్కలు మాత్రం దానికి తప్పవు.

జలపాతం ఇంకా పైన ఉంది. దాని పేరు రెయిన్‌బో ఫాల్స్, అంటే ఇంద్రధనుస్సు జలపాతం. కుర్రకాళ్ళకు గంటన్నర దారి. ఏడింటికే బయలుదేరాం. దారి చూపడానికి ఊరి కుర్రవాడొకడు వచ్చాడు. ఈసారి అమ్మాయి షరతు పెట్టింది: "పదకొండింటికి ఎక్కడుంటే అక్కడినుంచి వెనక్కి. సరేనా నాయనా?" కిందటి రోజు చీకటి గుర్తుంది గనుక సరేనన్నాను.

నా తొడలు ఆ పొద్దున ఎలా ఉన్నాయంటే, మంచం మీదనుంచి లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. అయినా నడిచేకొద్దీ కాస్త సడలాయి. అసలైన వర్షారణ్యం అక్కడ మొదలవుతుంది. పైన ఆకుల కప్పు, కింద పచ్చని చీకటి. చెట్టుమీద చెట్టు, చెట్టు చంకలో ఫెర్న్, దాని పక్కన సీతాకోకచిలుక రెక్కలంత ఆకులతో నాచు పట్టిన తీగ. నేల ఎప్పుడూ తడే. మనవరాలి మేజోడు మీద ఒక జలగ నిలబడి ఊగుతూ కనిపించింది. కుర్రవాడు దాన్ని గోటితో చిమ్మేశాడు. వానకాలంలో అయితే వందలుంటాయిట.

పది దాటాక దారి బండల మీదికి ఎక్కింది. అక్కడ నా కర్ర జారింది. మోచెయ్యి చెక్కుకుపోయింది, మోకాలు బండకు కొట్టుకుంది. కూచుండిపోయాను. గడియారం చూస్తే పదకొండుకు పది నిమిషాలు. ఎక్కడో చెట్ల వెనక నీటి హోరు వినిపిస్తోంది. "ఇరవై నిమిషాలు" అన్నాడు కుర్రవాడు. అవి అతని నిమిషాలు. నా నిమిషాల్లో నలభై.

నొప్పి పొడిచినట్టు ఉందా, మొద్దుగా ఉందా అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. మొద్దుగానే ఉంది. మోకాలు వంచాను, వంగింది. నేను మాట్లాడకుండా అమ్మాయి ముఖం చూశాను. దానికి అర్థమయింది. "పదకొండున్నర. ఒక్క నిమిషం ఎక్కువైనా ఊరుకోను" అంది. కుర్రవాడు వెదురు నరికి రెండో కర్ర ఇచ్చాడు. నాలుగు కాళ్ళ జంతువులా నడిచాను. మలుపు తిరగకుండానే పదకొండున్నర అయి ఉంటే మాటమీద నిలబడి వెనక్కి తిరిగేవాణ్ణా? తిరిగేవాణ్ణనే అనుకుంటాను. పరీక్షకు రాలేదు గనుక ఒట్టువేసి చెప్పను.

పదకొండూ ఇరవై అయిదుకు మలుపు తిరిగాం.

అది మహా పెద్ద జలపాతమేమీ కాదు. సోహ్రా దగ్గరే ఉన్న నోహ్‌కలికాయ్ సుమారు 340 మీటర్ల ఎత్తునుంచి దూకుతుంది, దాని ముందు ఇది పసిపిల్ల. కాని నల్లని బండల నడుమ తెల్లగా పడి, కింద గాజులా నీలంగా నిలిచిన ఆ నీళ్ళు చూసి ముగ్గురమూ నోరెత్తలేదు. మేమున్న బండ ఎత్తుగా ఉంది. ఎండ మా వీపుమీద పడుతోంది. కింద లేచే తుంపరలో ఇంద్రధనుస్సు! సూర్యుడు వెనక, నీటి తుంపర ముందు, చూసేవాడు మధ్య ఉంటేనే అది కనబడుతుంది. నా కన్ను చూసే ధనుస్సు నాదే, పక్కవాడిది ఇంకొకటి. మనవరాలు నమ్మక, బండమీద అటూ ఇటూ పరుగెత్తింది. "నాతోపాటే వస్తోంది తాతా!" అని అరిచింది. నేను కదలకుండా నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూచున్నాను. ఆ చల్లదనానికి మోకాలి నొప్పి కాసేపు మరపున పడింది.

తిరుగుదారి గురించి ఎక్కువ చెప్పను. ఆ రోజుకు నోంగ్రియాట్ చేరి, మర్నాడంతా మంచం దిగలేదు. ఆ మర్నాడు ఆరింటికే మెట్లు మొదలుపెట్టాం. యాభై మెట్లు, కూచోవడం, నీళ్ళు. మళ్ళీ యాభై. ఎక్కే కాళ్ళు సాధనలో ఉన్నవే గనుక మాట నిలబెట్టుకున్నాయి. అయినా తిర్నా చేరేసరికి పదిన్నర దాటింది. దారిలో బియ్యం మూట కోంగ్ మళ్ళీ దాటిపోయింది, ఈసారి పైకి, బుట్టనిండా బిర్యానీ ఆకుతో. నన్ను గుర్తుపట్టి, ఆగి, ఒక క్వాయ్ ఇచ్చింది. "ఖుబ్లేయ్" అన్నాను. వాళ్ళ భాషలో దణ్ణం, కృతజ్ఞత, దీవెన మూడూ ఆ మాటే.

ఊరికి తిరిగి వచ్చాక ఆ వెనక బెంచీ కుర్రవాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాను. ఇప్పుడు కుర్రవాడేమిటి, తల నెరిసింది, బస్టాండు దగ్గర సైకిలు షాపు పెట్టుకున్నాడు. ఫొటోలన్నీ చూపించాను. వంతెనా, జలపాతం, బండమీద కూచున్న నేను. ఒక్కొక్కటే జాగ్రత్తగా చూశాడు. టీ తెప్పించాడు. నాకు కుర్చీ వేసి, తాను ట్యూబుల కట్టమీద కూచుని, చాలాసేపటికి అన్నాడు:

"బాగుంది సార్. మరి, దానికన్న ఎక్కువ వాన పడేది మాసిన్‌రామ్‌లో అని మా పాప పుస్తకంలో ఉంది. అది చూసినారా?"